ఫోన్ ముందు ఎవరు పెట్టేయాలి? ఐడిల్ కనెక్షన్లు, టైమౌట్ల లెక్క

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ లాగ్‌లో ‘సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ’ అని పడగానే చాలామంది చెయ్యి మ్యాక్స్ కనెక్షన్స్ (ఒకేసారి ఎన్ని కనెక్షన్లు ఉండొచ్చో చెప్పే సెట్టింగు) మీదికి పోతుంది. 100 ఉన్నదాన్ని 500 చేస్తారు, సర్వర్ రీస్టార్ట్ చేస్తారు (రీస్టార్ట్ లేకుండా ఈ సెట్టింగు మారదు), అప్పటికి గండం గడుస్తుంది. కొన్నాళ్లకు అదే మాట 500 దగ్గర మళ్లీ వినిపిస్తుంది. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టు, ఆ కనెక్షన్లలో చాలావాటిలో అసలు ఎవరూ కూర్చుని ఉండరు. ఇంకో బస్సు వేస్తే ఇంకో యాభై కర్చీఫులు పడతాయి, అంతే.

ఒక కనెక్షన్ మీద కనీసం మూడు గడియారాలు (టైమౌట్లు) నడుస్తుంటాయి. యాప్‌లో ఉన్న పూల్‌ది (తెరిచిన కనెక్షన్లను దాచి మళ్లీ మళ్లీ వాడే భాగం) ఒకటి, మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ లేదా లోడ్ బ్యాలెన్సర్‌ది ఒకటి, డేటాబేస్‌ది ఒకటి. వీటిలో పూల్ గడియారమే అందరికంటే ముందు మోగాలి. పూల్ తానుగా ఫోన్ పెట్టేస్తే ఎవరికీ తెలియను కూడా తెలియదు. మిగతా ఇద్దరిలో ఎవరు పెట్టేసినా ఆ దెబ్బ యూజర్ రిక్వెస్ట్ మీద పడుతుంది. టైమౌట్ల గొడవల్లో సగం ఈ వరుస తప్పడం వల్ల వచ్చేవే.

పేర్ల గురించి ఒక మాట. సెట్టింగులన్నీ ఇక్కడ తెలుగు లిపిలో, మాటలు విడదీసి రాస్తున్నాను. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ ఫైళ్లలో మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టండి. హికారీ (జావా పూల్), గో భాష పేర్లలో మాటలు కలిపి రాయాలి.

ముందు చూడండి, తర్వాత చంపండి

పోస్ట్‌గ్రెస్‌లో చూడాల్సిన చోటు పీజీ స్టాట్ యాక్టివిటీ. అందులో బ్యాకెండ్ టైప్ ‘క్లయింట్ బ్యాకెండ్’ అని ఉన్న వరుసలు మాత్రం తీసుకుని, యూజర్ పేరు, అప్లికేషన్ నేమ్, స్టేట్ వారీగా గ్రూప్ చేసి లెక్కపెట్టండి. పక్కనే ఇప్పటి టైమ్‌లోంచి స్టేట్ ఛేంజ్ తీసేసి, ప్రతి గ్రూపులో అందరికంటే పాతది ఎంతసేపటిదో వేయండి. ఇలాంటి లెక్క వచ్చిందనుకుందాం: యాక్టివ్ 4, ఐడిల్ (ఖాళీగా ఉన్నవి) 81, ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ (ట్రాన్సాక్షన్ తెరిచి ఊరుకున్నవి) 12. ఇందులో 81 చూసి కంగారుపడేవాళ్లే ఎక్కువ. కంగారుపడాల్సింది ఆ 12 చూసి.

క్వెరీ కాలమ్ దగ్గర పొరపడకండి. ఐడిల్ వరుసలో కనిపించే సెలెక్ట్ ఇప్పుడు నడుస్తున్నది కాదు, ఆ కనెక్షన్ ఆఖరున నడిపినది. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌లోనూ అంతే. అక్కడ అమాయకమైన ‘సెలెక్ట్ 1’ కనిపించవచ్చు, టేబుల్‌ని పట్టుకుని కూర్చున్నది అంతకు ముందు నడిచిన అప్‌డేట్ అయి ఉండవచ్చు.

ఉత్త ఐడిల్ కనెక్షన్ ఖర్చు ఎంత? పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ పుడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు అది తినేది మామూలుగా కొన్ని మెగాబైట్లు. వర్క్ మెమ్ (సార్టింగ్ లాంటి పనులకు వాడే మెమరీ) అనేది క్వెరీ నడుస్తున్నంతసేపే, ఖాళీ కనెక్షన్ దాన్ని పట్టుకుని ఉండదు. ముట్టుకున్న ప్రతి టేబుల్, ఇండెక్స్ వివరాలు మాత్రం ఆ ప్రాసెస్ తన క్యాష్‌లో దాచుకుంటుంది. వేల పార్టిషన్లున్న డేటాబేస్‌లో రోజుల తరబడి బతికిన కనెక్షన్ బరువెక్కేది ఇందుకే. 14వ వెర్షన్‌కి ముందు ఐడిల్ కనెక్షన్ల సంఖ్య పెరిగేకొద్దీ ప్రతి క్వెరీకి స్నాప్‌షాట్ తీయడం (ఆ క్షణానికి ఏ మార్పులు కనిపించాలో చూసుకోవడం) కూడా బరువయ్యేది. 14లో దాన్ని బాగా తగ్గించారు. కాబట్టి హద్దులో ఉన్నంతవరకు 81 ఐడిల్ కనెక్షన్లు రోగం కాదు. పూల్ అంటేనే కొన్నిటిని ఖాళీగా సిద్ధంగా ఉంచడం.

ఆ హద్దు దాటుతున్నామో లేదో తెలుసుకోవడానికి గుణింతం చాలు. పైథాన్‌లో ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ అనే డేటాబేస్ లైబ్రరీ డీఫాల్ట్‌గా పూల్ సైజ్ 5, మ్యాక్స్ ఓవర్‌ఫ్లో 10, అంటే ఒక ప్రాసెస్‌కి 15 దాకా. యాప్‌ని నడిపే గూనికార్న్ సర్వర్‌కి 8 వర్కర్లు పెడితే పూల్ ఒకటి కాదు, ఎనిమిది. 8 × 15 = 120. పోస్ట్‌గ్రెస్ డీఫాల్ట్ 100లో సూపర్‌యూజర్ కోసం 3 పక్కన పెడతారు, మామూలు యూజర్లకు మిగిలేవి 97. ఒక్క మెషీన్, ఒక్క యాప్, పూల్ సెట్టింగు ఏదీ ముట్టుకోలేదు, అయినా వర్కర్లు థ్రెడ్లతో నడుస్తుంటే రద్దీ రోజున హద్దు దాటిపోవచ్చు. దీనికి తోడు డిప్లాయ్ చేసేటప్పుడు కొత్త కాపీలు లేచి, పాతవి ఇంకా దిగని ఆ కాసేపు లెక్క దాదాపు రెట్టింపు. ‘డిప్లాయ్ చేసినప్పుడే ఎర్రర్లు వస్తున్నాయి’ అనే ఫిర్యాదుకు మొదట అనుమానించాల్సింది దీన్నే.

మెట్ల మీద నిలబడ్డ మనిషి

కర్చీఫ్ వేసినవాడు ఒక సీటే ఆపుతాడు. ఫుట్‌బోర్డు మీద అడ్డంగా నిలబడ్డవాడు బస్సు మొత్తాన్ని ఆపుతాడు. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ ఆ రెండో రకం: ట్రాన్సాక్షన్ తెరిచారు, ఏదో నడిపారు, కమిట్ గానీ రోల్‌బ్యాక్ గానీ చెప్పకుండా ఊరుకున్నారు.

ఇవి ఎక్కడి నుంచి వస్తాయంటే, పైథాన్‌లోని సైకాపీజీ లాంటి డ్రైవర్లు (యాప్‌ని డేటాబేస్‌కి కలిపే లైబ్రరీలు) ఆటోకమిట్ ఆపేసి ఉంటాయి కాబట్టి ఉత్త సెలెక్ట్ నడిపినా ట్రాన్సాక్షన్ తెరుచుకుంటుంది. డేటా చదివేశాం కదా అని కోడ్ ముందుకెళ్లిపోతుంది. ఇంకో మూలం, ట్రాన్సాక్షన్ మధ్యలో పేమెంట్ గేట్‌వేకో ఎస్సెమ్మెస్ సర్వీసుకో కాల్ చేయడం. అవతలివాళ్లు 40 సెకన్లు తీసుకుంటే మన లాక్ కూడా 40 సెకన్లు. ఎక్సెప్షన్ దారిలో రోల్‌బ్యాక్ మర్చిపోవడం సరేసరి. ఇక డీబీవర్ లాంటి క్వెరీ టూల్‌లో మాన్యువల్ కమిట్ పెట్టుకుని, ఒక అప్‌డేట్ కొట్టి, భోజనానికి వెళ్లే మనిషి ప్రతి ఆఫీసులోనూ ఒకరు ఉంటారు.

నష్టం ఎలా పాకుతుందో దగ్గర్నుంచి చూద్దాం. 11:02కి ఒక సెషన్ ట్రాన్సాక్షన్ తెరిచి ఆర్డర్స్ టేబుల్ మీద సెలెక్ట్ నడిపింది, తర్వాత బయటి సర్వీసు జవాబు కోసం ఆగింది. ఆ సెలెక్ట్ తీసుకున్న యాక్సెస్ షేర్ లాక్ చాలా తేలికైనది, దాదాపు ఎవరికీ అడ్డు రాదు, కానీ ట్రాన్సాక్షన్ ముగిసేదాకా పోదు. 11:05కి మైగ్రేషన్ (టేబుళ్ల రూపం మార్చే స్క్రిప్ట్) వచ్చి అదే టేబుల్‌కి ఒక కాలమ్ చేర్చాలంది. ఆల్టర్ టేబుల్‌కి యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ కావాలి, కాబట్టి మొదటి సెషన్ కోసం క్యూలో నిలబడింది. 11:05 దాటిన మరుక్షణం నుంచి ఆర్డర్స్ మీద వచ్చే ప్రతి సెలెక్ట్ ఆ ఆల్టర్ వెనక నిలబడుతుంది. మొదటి సెషన్‌తో వాటికి ఏ తగువూ లేదు, అయినా క్యూ దాటి ముందుకు పోలేవు. అరనిమిషంలో పూల్ నిండుతుంది, సైట్ ఆగిపోతుంది. డేటాబేస్ సీపీయూ చూస్తే నిద్రపోతున్నట్టు ఉంటుంది. సీపీయూ గ్రాఫ్ మాత్రమే చూసేవాళ్లు ‘డేటాబేస్ బాగానే ఉంది, నెట్‌వర్క్ చూడండి’ అనేది ఇక్కడే.

అప్పుడు చేయాల్సింది: ఆగిపోయిన క్వెరీ పిడ్‌ని (ప్రాసెస్ నంబరు) పీజీ బ్లాకింగ్ పిడ్స్ అనే ఫంక్షన్‌కి ఇవ్వండి, ఎవరు అడ్డున్నారో చెబుతుంది. మొదట ఆల్టర్ పిడ్ వస్తుంది. దాన్ని మళ్లీ అదే ఫంక్షన్‌కి ఇస్తే అసలు మనిషి దొరుకుతాడు. అతన్ని పీజీ టెర్మినేట్ బ్యాకెండ్‌తో తీసేయాలి. పీజీ క్యాన్సిల్ బ్యాకెండ్ ఇక్కడ పనిచేయదు. అది నడుస్తున్న క్వెరీని ఆపేది, ఇక్కడ నడుస్తున్నదంటూ ఏమీ లేదు. ఆ అసలు మనిషిని వెతికే తీరిక లేకపోతే ఆల్టర్‌ని క్యాన్సిల్ చేసినా క్యూ వెంటనే కదులుతుంది. ఇకమీదట ప్రతి మైగ్రేషన్ మొదట్లో లాక్ టైమౌట్ 3 సెకన్లు పెట్టి, దొరక్కపోతే కాసేపాగి మళ్లీ ప్రయత్నించేలా రాసుకోండి. ఈ ఒక్క లైను ఎన్ని అర్ధరాత్రి ఫోన్లు తప్పిస్తుందో లెక్కలేదు.

చచ్చిన వరుసలను ఊడ్చే వ్యాక్యూమ్ మీద పడే దెబ్బ ఇంత చప్పుడు చేయదు. తెరిచి ఉంచిన ట్రాన్సాక్షన్ ఏదైనా రాసి ఉంటే, లేదా రిపీటబుల్ రీడ్‌లో ఉంటే, అది మొదలైన తర్వాత చచ్చిన వరుసలను వ్యాక్యూమ్ ఏ టేబుల్‌లోనూ తీయలేదు. ఆ ట్రాన్సాక్షన్ ముట్టుకోని టేబుళ్లూ ఉబ్బుతాయి. రీడ్ కమిటెడ్‌లో ఉత్త సెలెక్ట్ నడిపి ఊరుకున్న సెషన్ ఈ విషయంలో నిరపరాధి. క్వెరీ అయిపోగానే దాని స్నాప్‌షాట్ పోతుంది, లాక్ మాత్రమే మిగులుతుంది. తేడా తెలుసుకోవాలంటే బ్యాకెండ్ ఎక్స్‌ఐడీ, బ్యాకెండ్ ఎక్స్‌మిన్ కాలమ్‌లు చూడండి. రెండూ ఖాళీగా ఉంటే వ్యాక్యూమ్‌కి వాడి వల్ల ఇబ్బంది లేదు.

దీనికి మందు 9.6 వెర్షన్‌లో వచ్చిన ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్. డీఫాల్ట్ 0, అంటే ఆఫ్. పెట్టేటప్పుడు యూనిట్ మర్చిపోవద్దు: ఉత్త 60 అని రాస్తే 60 మిల్లీసెకన్లు! సెకన్లు అని చెప్పడానికి కొటేషన్లలో 60 పక్కన ‘ఎస్’ అక్షరం ఉండాలి. సర్వర్ మొత్తానికి ఒకేసారి 30 సెకన్లు పెట్టేయకండి. యాప్ వాడే రోల్‌కి ఆల్టర్ రోల్‌తో మొదట 5 నిమిషాలు పెట్టి, వారం పాటు లాగ్‌లో 25పీ03 కోడ్‌తో ఎవరెవరు పోతున్నారో చూసి, కోడ్ సరిచేయించి, అప్పుడు 60 సెకన్లకో 30కో దింపండి. రోల్ మీద పెట్టినది కొత్తగా లాగిన్ అయ్యే సెషన్లకే వర్తిస్తుంది. కాన్ఫిగ్ ఫైల్లో మార్చి రీలోడ్ చేసినా, అప్పటికే మెట్ల మీద నిలబడి ఉన్నవాడికి అది చేరదు. అతన్ని చేత్తోనే దింపాలి. ఈ టైమౌట్ తగిలితే పోయేది ట్రాన్సాక్షన్ ఒక్కటే కాదు, కనెక్షనే పోతుంది. బ్యాకప్ గురించి దిగులు అక్కర్లేదు, పీజీ డంప్ తన సెషన్‌లో ఈ టైమౌట్‌ని తానే ఆఫ్ చేసుకుంటుంది.

ఇందులో ఒక సందు ఉంది. ప్రతి స్టేట్‌మెంట్‌తో ఆ గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 20 సెకన్లకోసారి చిన్న క్వెరీ కొడుతూ రెండు గంటలు ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచే కోడ్ దీనికి దొరకదు. 2024లో వచ్చిన 17వ వెర్షన్‌లోని ట్రాన్సాక్షన్ టైమౌట్ ఆ సందు మూస్తుంది. మొత్తం ట్రాన్సాక్షన్‌కి ఒకే హద్దు.

14లో వచ్చిన ఐడిల్ సెషన్ టైమౌట్ వేరే సంగతి. అది ట్రాన్సాక్షన్ లేని ఉత్త ఐడిల్‌ని తెంపుతుంది. పూల్ వాడే రోల్‌కి దీన్ని పెట్టకండి. పూల్ దాచుకున్న కనెక్షన్లను వెనకనుంచి తెంపితే, తర్వాత వాటిని తీసుకున్న రిక్వెస్ట్‌కి తెగిన తీగ చేతికొస్తుంది. మనుషులు వాడే రోల్స్‌కి, అంటే అనలిస్టులకు, సపోర్ట్ టీమ్‌కి 30 నిమిషాలో గంటో పెట్టండి, దాని చోటు అదే. కావాలనుకున్నవాళ్లు తమ సెషన్‌లో దీన్ని 0 చేసుకోగలరు. ఇది మర్యాద కోసమే, కాపలా కోసం కాదు.

క్రాన్‌లో ‘పది నిమిషాలు దాటిన ఐడిల్ అన్నిటినీ చంపెయ్’ అని స్క్రిప్ట్ పెట్టే అలవాటుంది చూశారా, అదీ ఇదే తప్పు, ఇంకాస్త మొరటుగా.

చప్పుడు లేకుండా తెగే తీగ

యాప్‌కీ డేటాబేస్‌కీ మధ్య ఉన్న పెట్టెలు కదలిక లేని కనెక్షన్లను గుర్తుపెట్టుకోవడం ఓ దశలో మానేస్తాయి. ఏడబ్ల్యూఎస్ నాట్ గేట్‌వేలో ఆ గడువు 350 సెకన్లు, నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్‌కీ డీఫాల్ట్ అంతే. అజూర్ లోడ్ బ్యాలెన్సర్‌లో డీఫాల్ట్ 4 నిమిషాలు. గూగుల్ క్లౌడ్ నెట్‌వర్క్‌లో 10 నిమిషాలు. ఇటు లైనక్స్ టీసీపీ కీపలైవ్ మొదటి పలకరింపు పంపేది డీఫాల్ట్‌గా 7200 సెకన్లకు. రెండు గంటల తర్వాత ‘ఉన్నావా?’ అని అడిగేలోపు ఆ దారి ఎప్పుడో మూసుకుపోయి ఉంటుంది.

మధ్య పెట్టె రీసెట్ పంపితే అదృష్టం, క్లయింట్‌కి వెంటనే ఎర్రర్ వస్తుంది, పూల్ ఆ కనెక్షన్‌ని పారేస్తుంది. చాలా ఫైర్‌వాల్‌లు ఏమీ చెప్పవు, ప్యాకెట్లను మింగేస్తాయి. అప్పుడు క్లయింట్ క్వెరీ పంపుతుంది, జవాబు రాదు, కెర్నల్ మళ్లీ పంపుతుంది, మళ్లీ పంపుతుంది. లైనక్స్‌లో టీసీపీ రిట్రైస్2 డీఫాల్ట్ 15, దాని లెక్కన విసిగి వదిలేయడానికి సుమారు 924 సెకన్లు. మీ లాగ్‌లో ‘ఈ క్వెరీ 15 నిమిషాలు ఆగి కనెక్షన్ టైమ్డ్ ఔట్‌తో పోయింది’ అనేది కనిపిస్తే డేటాబేస్‌ని తిట్టకండి. ఆ పదిహేను నిమిషాలు మీ సొంత మెషీన్ కెర్నల్ చేసిన నిరీక్షణ.

కీపలైవ్ పెట్టేశాం, ఇక ఇది రాదు అనుకోవడంలో చిన్న మెలిక ఉంది. కీపలైవ్ పనిచేసేది లైన్ ఖాళీగా ఉన్నప్పుడే. పంపిన డేటాకు అక్నాలెడ్జ్‌మెంట్ రాకుండా మిగిలి ఉంటే కీపలైవ్ పక్కకు తప్పుకుంటుంది, రీట్రాన్స్‌మిషన్ లెక్కే నడుస్తుంది. అందుకే రెండూ కావాలి. పోస్ట్‌గ్రెస్ కనెక్షన్ స్ట్రింగులో కీపలైవ్స్ ఐడిల్ 60, ఇంటర్వల్ 10, కౌంట్ 3 పెట్టండి. అవతలివాడు పోయాడన్న సంగతి 90 సెకన్లలో తేలుతుంది, పైగా నిమిషానికోసారి కదలిక ఉండటంతో 4 నిమిషాల పెట్టె కూడా దారి మూయదు. దానికి తోడు టీసీపీ యూజర్ టైమౌట్ 30 సెకన్లు పెడితే ఆ 924 కాస్తా 30 అవుతుంది. ఈ స్ట్రింగులో అది మిల్లీసెకన్లలో ఇవ్వాలి: 30000. జావా డ్రైవర్‌లో టీసీపీ కీప్ అలైవ్ డీఫాల్ట్‌గా ఆఫ్. ఆన్ చేసినా అంకెలు ఆపరేటింగ్ సిస్టమ్‌వే తీసుకుంటుంది, కాబట్టి సిస్‌కంట్రోల్‌లో 7200ని కూడా దించకపోతే ఆన్ చేసిన పుణ్యం దక్కదు.

ఇదే ప్రమాదం రెండో వైపు నుంచి కూడా. యాప్ మెషీన్ కరెంటు పోయి ఠపీమని ఆగితే డేటాబేస్‌కి వీడ్కోలు ప్యాకెట్ రాదు. సర్వర్ వైపు డీఫాల్ట్ కీపలైవ్‌తో ఆ స్లాట్ ఖాళీ కావడానికి 7200 సెకన్లు, ఆపైన 75 సెకన్ల చొప్పున 9 పలకరింపులు, మొత్తం 2 గంటల 11 నిమిషాలు. మెషీన్ మళ్లీ లేచి కొత్త పూల్ తెరుచుకుంటుంది, చచ్చిన పూల్ కనెక్షన్లు పక్కనే కూర్చుని ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ కాన్ఫిగ్‌లోనూ ఆ 60, 10, 3 అంకెలే పెట్టి రీలోడ్ చేయండి. పెద్ద రిపోర్ట్ క్వెరీ నడుస్తుండగా క్లయింట్ ప్రోగ్రామ్ మూసేసి వెళ్లినవాళ్ల సంగతికి 14లో వచ్చిన క్లయింట్ కనెక్షన్ చెక్ ఇంటర్వల్ ఉంది. క్వెరీ మధ్యలో అప్పుడప్పుడు ‘అడిగినవాడు ఇంకా లైన్‌లో ఉన్నాడా’ అని చూసుకుంటుంది.

పూల్‌లో పెట్టాల్సిన అంకెలు

జావా వాళ్ల హికారీలో మ్యాక్స్ లైఫ్‌టైమ్ డీఫాల్ట్ 30 నిమిషాలు, ఐడిల్ టైమౌట్ 10 నిమిషాలు, మ్యాగ్జిమమ్ పూల్ సైజ్ 10. ఐడిల్ టైమౌట్ పెట్టినా కనెక్షన్లు తగ్గడం లేదన్న ఫిర్యాదు తరచూ వినబడుతుంది. మినిమమ్ ఐడిల్‌ని విడిగా ఇవ్వకపోతే అది మ్యాగ్జిమమ్‌తో సమానమవుతుంది, అప్పుడు ఐడిల్ టైమౌట్‌కి చేసే పనే ఉండదు. నెట్‌వర్క్‌లో 350 సెకన్ల పెట్టె ఉంటే కీప్ అలైవ్ టైమ్ 2 నిమిషాలు పెట్టండి. పాత వెర్షన్లలో ఇది డీఫాల్ట్‌గా ఆఫ్. మ్యాక్స్ లైఫ్‌టైమ్ మాత్రం డేటాబేస్ గడువు కంటే కనీసం అరనిమిషం తక్కువ ఉండాలి. లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్ 20 సెకన్లు పెట్టి చూడండి. తీసుకుని తిరిగివ్వని కోడ్ ఎక్కడుందో స్టాక్ ట్రేస్‌తో సహా లాగ్‌లో పడుతుంది.

గోలో తంటా తిరగబడి ఉంటుంది. డీఫాల్ట్‌గా తెరిచే కనెక్షన్లకు హద్దే లేదు, దాచుకునే ఖాళీవి మాత్రం 2. ఒకేసారి 20 రిక్వెస్టులు వస్తే 20 తెరుస్తుంది, పని అవగానే 18 మూసేస్తుంది, మళ్లీ తెరుస్తుంది. పోస్ట్‌గ్రెస్ ప్రతిసారీ కొత్త ప్రాసెస్ పుట్టించి, టీఎల్‌ఎస్ చేసి, పాస్‌వర్డ్ సరిచూసుకోవాలి. సెట్ మ్యాక్స్ ఓపెన్ కాన్స్, సెట్ మ్యాక్స్ ఐడిల్ కాన్స్ రెండింటికీ ఒకే అంకె ఇచ్చి, అవసరం లేనప్పుడు తగ్గించే పని సెట్ కాన్ మ్యాక్స్ ఐడిల్ టైమ్‌కి అప్పగించండి.

పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో కాన్ మ్యాక్స్ ఏజ్ 60 పెడితే 60 సెకన్లకు కనెక్షన్ మూసుకుపోతుందని అనుకోవడం సహజం. వయసు చూసేది రిక్వెస్ట్ మొదలైనప్పుడు, ముగిసినప్పుడు మాత్రమే. రాత్రంతా రిక్వెస్ట్ రాని వర్కర్ రాత్రంతా ఆ కనెక్షన్‌ని పట్టుకునే ఉంటుంది. 4.1 నుంచి ఉన్న కాన్ హెల్త్ చెక్స్ ఆన్ చేసుకోండి. ఆగకుండా నడిచే మేనేజ్‌మెంట్ కమాండ్ రాస్తే క్లోజ్ ఓల్డ్ కనెక్షన్స్‌ని మీరే లూప్‌లో పిలవాలి, అక్కడ రిక్వెస్ట్ అనేదే లేదు కదా.

ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో పూల్ రీసైకిల్ డీఫాల్ట్ మైనస్ 1, అంటే ఎన్నటికీ మార్చదు. 280 లాంటి అంకె ఇచ్చి, పూల్ ప్రీ పింగ్ ఆన్ చేయండి. ప్రీ పింగ్‌కి ప్రతిసారీ ఒక రానుపోను ఖర్చు ఉంటుంది, అదే డేటా సెంటర్‌లో ఉంటే పట్టించుకోనక్కర్లేదు. కనెక్షన్ తీసుకునే క్షణంలోనే అది కాపాడుతుంది. ట్రాన్సాక్షన్ మధ్యలో తెగితే మొత్తం మళ్లీ చేయాల్సిందే.

మైఎస్‌క్యూఎల్ వాళ్లకు

ఇక్కడ ఐడిల్‌ని తెంపే గడువు వెయిట్ టైమౌట్, డీఫాల్ట్ 28800 సెకన్లు, అంటే 8 గంటలు. రాత్రి తొమ్మిదికి ఆఖరి రిక్వెస్ట్, పొద్దున ఆరున్నరకు మొదటిది, దానికి ‘మైఎస్‌క్యూఎల్ సర్వర్ హ్యాజ్ గాన్ అవే’. రెండోసారి కొడితే పనిచేస్తుంది. పొద్దున్నే మొదటి మనిషికి మాత్రమే వచ్చే ఎర్రర్ అంటే వెంటనే ఈ 8 గంటలు గుర్తుకు రావాలి.

ఈ అంకెని చూసేటప్పుడే చాలామంది బోల్తా పడతారు. కమాండ్ లైన్ క్లయింట్ తెరిచి షో వేరియబుల్స్ కొడితే కనిపించే వెయిట్ టైమౌట్ ఆ సెషన్‌ది. ఇంటరాక్టివ్ క్లయింట్‌కి సర్వర్ ఆ విలువను ఇంటరాక్టివ్ టైమౌట్ నుంచి నింపుతుంది. ఫైల్లో వెయిట్ టైమౌట్ 600 చేసి, క్లయింట్‌లో చూసి, 28800 అని కనిపించి, మార్పు ఎక్కలేదనుకుని మూడుసార్లు రీస్టార్ట్ చేసేస్తారు. షో గ్లోబల్ వేరియబుల్స్ అనండి, అసలు అంకె కనిపిస్తుంది. సెట్ గ్లోబల్‌తో మార్చినది కొత్త కనెక్షన్లకే. రీస్టార్ట్ తర్వాత కూడా నిలవాలంటే 8.0లో సెట్ పర్సిస్ట్.

వెయిట్ టైమౌట్ తగ్గించే ముందు బ్యాచ్ జాబ్‌లు చూసుకోండి. వరుసలు చదివేసుకుని, ఇరవై నిమిషాలు లెక్కలు కట్టి, ఆఖర్న ఒక అప్‌డేట్ రాసే జాబ్‌కి 600 సెకన్ల గడువు ప్రాణాంతకం. సర్వర్ మొత్తానికి పెంచే బదులు ఆ జాబ్ తన సెషన్‌లో మాత్రం పెంచుకుంటే చాలు. 8.0.24 నుంచి సర్వర్ తెంపేటప్పుడు 4031 నంబరుతో కారణం చెప్పి మరీ తెంపుతుంది, వెతుకులాట తగ్గింది.

ట్రాన్సాక్షన్ తెరిచి ఊరుకున్నవాళ్లకోసం విడిగా గడువు మైఎస్‌క్యూఎల్‌లో లేదు. మరియాడీబీలో 10.3 నుంచి ఐడిల్ ట్రాన్సాక్షన్ టైమౌట్ ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్ఫర్మేషన్ స్కీమాలోని ఇన్నోడీబీ ట్రెక్స్ టేబుల్‌లో ట్రెక్స్ స్టార్టెడ్ పాతబడ్డవి ఏరి, వాటి థ్రెడ్ ఐడీని ప్రాసెస్‌లిస్ట్‌తో కలిపి, స్లీప్‌లో ఉన్నవాటిని పట్టుకోవాలి. మెట్ల మీది మనిషి కథ ఇక్కడా నడుస్తుంది, ‘వెయిటింగ్ ఫర్ టేబుల్ మెటాడేటా లాక్’ అనే పేరుతో. ఆ ఎదురుచూపుకు గడువు లాక్ వెయిట్ టైమౌట్, దాని డీఫాల్ట్ 31536000 సెకన్లు. తప్పు చదవలేదు, సరిగ్గా ఒక ఏడాది. మైగ్రేషన్ సెషన్‌లో దాన్ని 5కి దించి మొదలుపెట్టండి.

పీజీబౌన్సర్ ఎప్పుడు

గుణింతం ఎంత తగ్గించినా 97లో ఇమడకపోతే అప్పుడు పీజీబౌన్సర్ (యాప్‌లకూ పోస్ట్‌గ్రెస్‌కీ మధ్య నిలబడే పూల్), ట్రాన్సాక్షన్ మోడ్‌లో, అంటే అసలు కనెక్షన్‌ని ఒక్క ట్రాన్సాక్షన్ సేపే ఇచ్చే పద్ధతిలో. ఐదు వందల క్లయింట్ కనెక్షన్లు 20 అసలు కనెక్షన్ల మీద నడిచిపోతాయి. దాని మ్యాక్స్ క్లయింట్ కాన్ డీఫాల్ట్ కూడా 100 అని మాత్రం మర్చిపోకండి. ఇక్కడ మెట్ల మీద నిలబడేవాడి ఖరీదు మరీ ఎక్కువ: 20 మంది ట్రాన్సాక్షన్ తెరిచి ఊరుకుంటే మిగతా 480 మంది ఆగిపోతారు, క్వెరీ వెయిట్ టైమౌట్ డీఫాల్ట్ ప్రకారం 120 సెకన్లు. దాన్ని 10 నుంచి 15కి దించి, ఐడిల్ ట్రాన్సాక్షన్ టైమౌట్ పెట్టండి. సెషన్ స్థాయి సెట్, లిజన్, అడ్వైజరీ లాక్‌లు వాడే కోడ్ ఈ మోడ్‌లో తప్పుదారి పడుతుంది. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు 1.21 నుంచి నడుస్తాయి.

అంకెలు పెట్టాక పరీక్ష

మధ్య పెట్టె గడువు ఎంతో డాక్యుమెంట్‌లో వెతకడం కంటే కొలవడం తేలిక. యాప్ మెషీన్ నుంచే, ఈ కీపలైవ్ అంకెలేవీ ఇవ్వకుండా (సర్వర్ కాన్ఫిగ్‌లో పెట్టినవి కూడా అప్పటికి తీసేసి) పోస్ట్‌గ్రెస్ క్లయింట్ పీఎస్‌క్యూఎల్ తెరిచి సెలెక్ట్ 1 కొట్టి వదిలేయండి. 5 నిమిషాలకు మళ్లీ కొట్టండి. జవాబొస్తే కొత్త కనెక్షన్‌తో 7, తర్వాత 11, తర్వాత 35 నిమిషాలు. వెంటనే ఎర్రర్ వస్తే పెట్టె రీసెట్ పంపే రకం, ప్రాంప్ట్ అలాగే వేలాడితే మింగే రకం. ఆ తర్వాత యూజర్ టైమౌట్‌ని పరీక్షించడానికి టెస్ట్ మెషీన్‌లో ఐపీటేబుల్స్‌తో 5432 పోర్ట్‌కి పోయే ప్యాకెట్లను డ్రాప్ చేసి, యాప్ ఎన్ని సెకన్లకు ఎర్రర్ ఇస్తుందో గడియారం పెట్టి చూడండి. 30 రావాలి. 900 పైన వచ్చిందంటే మీరు రాసిన సెట్టింగు డ్రైవర్‌దాకా చేరలేదన్నమాట.

అలర్ట్‌కి రెండు అంకెలు చాలు: అన్నిటికంటే పాత ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ వయసు రెండు నిమిషాలు దాటితే ఒకటి, మొత్తం కనెక్షన్లు హద్దులో 80 శాతం దాటితే ఇంకొకటి. ఆ అలర్ట్ మోగినప్పుడు ఎవరి కనెక్షనో తెలియాలంటే ప్రతి సర్వీసూ కనెక్షన్ స్ట్రింగులో తన పేరు అప్లికేషన్ నేమ్‌గా ఇవ్వాలి. లేకపోతే జావా సర్వీసులన్నీ ‘పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ జేడీబీసీ డ్రైవర్’ అనే ఒకే పేరుతో వరుసగా నిలబడతాయి, అందులో మెట్ల మీదున్నది ఎవరో పోల్చుకోలేరు.